ముడుమాల్ నిలువురాళ్లు: పడినవాటిని లేపే ముందు కొలవండి

సంపాదకులకు నమస్కారం.

కృష్ణా ఒడ్డున ఆదిమకాలం మనుషులు పాతిన ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి. పాలమూరుకు ఇంతకన్నా మంచి కబురు ఏముంటుంది! అయితే అప్పటి నుంచి నలుగురు కూడిన చోటల్లా వినబడుతున్న ఒక మాట మమ్మల్ని కలవరపెడుతోంది. "పడిపోయిన రాళ్లను క్రేన్ పెట్టి లేపి, అడుగున కాంక్రీటు పోసి నిలబెడితే చూడటానికి బాగుంటుంది" అంటున్నారు. ఉద్దేశం మంచిదే కావొచ్చు. కానీ కొలతలు తీయకముందే ఆ పని చేస్తే ఆ రాళ్లు చెప్పగల సంగతుల్లో సగం అక్కడే చచ్చిపోతాయి. ఇది ఊహించి చెప్పడం లేదు. ఇంగ్లండ్‌లోని మూర్ నేలల (చెట్లు పలచగా ఉండే ఎత్తయిన గడ్డి మెరకల) మీద ఈ పని నూట ముప్పై ఏళ్ల కిందటే చేసి చూశారు. ఏం పోయిందో, ఏం మిగిలిందో అక్కడి రికార్డుల్లో ఉంది. మన అధికారులూ, గ్రామస్థులూ టెండర్ల దాకా పోకముందే ఆ సంగతులు తెలుసుకోవాలన్నది మా మనవి.

డెవన్ కౌంటీలోని డార్ట్‌మూర్ 954 చదరపు కిలోమీటర్ల గ్రానైట్ మెరక. 1951 నుంచి నేషనల్ పార్కు. అక్కడి గుట్టలు పాలమూరు మనిషికి కొత్తగా అనిపించవు. పగుళ్లిచ్చి ఒకదాని మీద ఒకటి పేరుకున్న బండలే. రాతి వయసులో మాత్రం చాలా తేడా ఉంది: వాళ్ల గ్రానైట్‌కు సుమారు 28 కోట్ల ఏళ్లు, మనదానికి సుమారు 250 కోట్ల ఏళ్లు. నేల సంగతి కూడా వేరే. అక్కడ ఏడాది పొడుగునా తేమ. ఆ తేమలో పూర్తిగా కుళ్లని గడ్డీగాదం వేల ఏళ్లుగా పొరలు పొరలుగా పేరుకుని, పీట్ అనే నల్లటి మెత్తటి నేలగా మారింది. దాని ఆమ్లగుణానికి కాల్చని ఎముకలు కరిగిపోతాయి. తోలు, నార, చెక్క లాంటివి మాత్రం ఒక్కోసారి నిలుస్తాయి. 2011లో వైట్‌హార్స్ హిల్ మీద తెరిచిన రాతిపెట్టె సమాధిలో కాల్చిన అస్థికలు ఎలుగుబంటి తోలులో చుట్టి ఉన్నాయి. నారతో అల్లిన సంచి, అంబర్ పూసలు, చెక్కతో చేసిన చెవికమ్మలు కూడా దొరికాయి. మూడువేల అయిదువందల ఏళ్లకు పైబడిన సామాను అది.

ఈ మెరక మీద రాళ్ల వరసలు డెబ్బైకి పైగా ఉన్నాయి. రాతివలయాలు, రాతిపెట్టె సమాధులు, విడిగా నిలిచిన రాళ్లు, గుడిసెల పునాది వలయాలు వేలల్లో ఉన్నాయి. వీటిలో ఎక్కువ భాగం నాలుగున్నర వేల ఏళ్ల నుంచి మూడున్నర వేల ఏళ్ల మధ్యవని లెక్క. డ్రిజల్‌కూంబ్ దగ్గర ఉన్న అతి పొడవైన రాయి నేలకు పైన నాలుగు మీటర్లు దాటుతుంది. మన ముడుమాల్ పెద్దరాళ్ల ఎత్తే అనుకోండి. కానీ డార్ట్‌మూర్‌కు పేరు తెచ్చింది ఆ పొడుగు రాళ్లు కావు. అప్పర్ అర్మ్ వరస మూడు కిలోమీటర్లకు పైగా సాగుతుంది, మధ్యలో నది దాటుతుంది. అందులో రాళ్లు చాలావరకు చిన్నవే. మెరివేల్ దగ్గర పక్కపక్కనే సాగే జంట వరసల్లోనూ చాలా రాళ్లు నడుం ఎత్తుకు రావు. పక్కనున్న ఎక్స్‌మూర్‌లో అయితే మోకాలి ఎత్తు రాయే పెద్దరాయి. గడ్డి పెరిగితే కనబడవు. అందుకే వాహనాల కింద, పశువుల కాళ్ల కింద కొన్ని పోయాయి.

ముడుమాల్‌లోనూ ఇదే భయం. పది నుంచి పద్నాలుగు అడుగుల రాళ్లు ఎనభై దాకా ఉన్నాయంటున్నారు, వాటిని ఎవరూ మాయం చేయలేరు. వాటి చుట్టూ వరసలు తీరి ఉన్న చిన్నరాళ్లు మూడువేల దాకా ఉన్నాయని లెక్కేశారు. చెల్క చదును చేసే ట్రాక్టరుకు, గెట్టు కట్టుకునే రైతుకు, పునాదిలోకి రాయి కావలసిన మేస్త్రీకి అడ్డం వచ్చేవీ, అక్కరకొచ్చేవీ ఆ చిన్నవే. పెద్దరాయి ఒంటరిగా నిలిస్తే అదొక రాయి. చిన్నరాళ్ల వరసలు తోడుంటేనే అక్కడ మనుషులు ఒక లెక్క ప్రకారం ఏదో కట్టారని తెలుస్తుంది. కాబట్టి డబ్బు, మనుషులు తక్కువగా ఉన్నప్పుడు మొదటి కొలత చిన్నరాళ్లకే పెట్టాలి.

ఇక లేపి నిలబెట్టడం సంగతి. పందొమ్మిదో శతాబ్దంలో డార్ట్‌మూర్ రాళ్లను గోడలకు, గేటు స్తంభాలకు, రోడ్లకు పట్టుకుపోయేవారు. దాన్ని ఆపాలని 1883లో డార్ట్‌మూర్ ప్రిజర్వేషన్ అసోసియేషన్ పుట్టింది. సబీన్ బేరింగ్-గౌల్డ్ అనే పాదరీ, రాబర్ట్ బర్నార్డ్ లాంటివాళ్లు 1890లలో ఊరూరా తిరిగి తవ్వారు, రాశారు, పడిన రాళ్లను లేపారు. డ్రిజల్‌కూంబ్ రాళ్లు 1893లో, డౌన్‌టోర్ వరస 1894లో, గ్రే వెదర్స్ జంట వలయాలు 1909లో ఇలా లేచి నిలబడ్డాయి. వాళ్లు లేకపోతే చాలా రాళ్లు గోడల్లో కలిసిపోయేవి. ఆ మేలు ఒప్పుకోవాల్సిందే. కానీ ఏ రాయి ఎక్కడ పడి ఉండగా దాన్ని ఎక్కడ నిలబెట్టారు, దాన్ని మొదట పాతిన గుంత దొరికిందా, ఊహించి పెట్టారా అన్నది చాలాచోట్ల రాసిపెట్టలేదు. లేక్‌హెడ్ హిల్ మీద 1895లో సరిచేసిన రాతిపెట్టె, దాని ముందున్న రాళ్ల వరస ఫొటోల్లో ఎంతో అందంగా ఉంటాయి. అసలు అమరిక అది కాదేమోనన్న అనుమానం మాత్రం పరిశోధకులను నేటికీ వదల్లేదు. గ్రే వెదర్స్‌లో రాయి నుంచి రాయికి ఉన్న ఎడాన్ని ఇవాళ కొలిస్తే, కొలిచింది నాలుగువేల ఏళ్ల నాటి పనినో 1909 నాటి పనినో రాయిరాయికీ విడిగా తేల్చుకోవాలి.

దీనికి పూర్తి విరుద్ధంగా ఉన్నది కట్ హిల్. సముద్రమట్టానికి సుమారు ఆరువందల మీటర్ల ఎత్తున, ఎవరూ పెద్దగా తిరగని చోట, తొమ్మిది పెద్ద పలకరాళ్లు వరసగా పడి ఉన్నట్టు 2004లో గుర్తించారు. ఎవరూ లేపలేదు. రాళ్ల కింది పీట్ నుంచీ, రాళ్లను కప్పిన పీట్ నుంచీ నమూనాలు తీసి రేడియోకార్బన్ పరీక్ష (ఒకప్పుడు బతికి ఉన్నవాటి వయసు చెప్పే పరీక్ష) చేశారు. కింది పొర క్రీ.పూ. నాలుగో సహస్రాబ్దికి చెందినదని తేలింది. డార్ట్‌మూర్ వరసల కాలం అంతవరకూ ఊహగానే ఉండేది, ఇక్కడ ఒక గట్టి ఆధారం దొరికింది. ఆ తేదీ తెలిసిందల్లా రాళ్లు పడి ఉండటం వల్ల, ఎవరూ కదిలించకపోవడం వల్ల. సిటాఫర్డ్ దగ్గర 34 మీటర్ల వ్యాసంతో, ముప్పై దాకా రాళ్లు పడి ఉన్న వలయం 2015లో వార్తలకెక్కింది. దాన్నీ పడి ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచారు.

మన దగ్గర పీట్ లేదు కదా అని ఎవరైనా అడగొచ్చు. మన దగ్గర ఉన్నది ఇసుక, మొరం, రేగడి. ఇసుక రేణువులకు ఒక గుణం ఉంది. చీకట్లో ఉన్నంతకాలం చుట్టూ ఉన్న మట్టిలోని రేడియోధార్మికత నుంచి వచ్చే శక్తిని అవి లోపల దాచుకుంటాయి. ఎండ తగిలితే నిమిషాల్లో ఆ నిల్వ ఖాళీ అవుతుంది. పడిన రాయి కింది ఇసుక, రాయి పడిన రోజు నుంచి చీకట్లోనే ఉంది. ఆ ఇసుకను వెలుగు తగలకుండా ఉక్కు గొట్టంలోకి దిగగొట్టి, రెండు చివరలూ మూసి ప్రయోగశాలకు పంపితే రాయి ఎప్పుడు పడిందో సుమారుగా చెప్పగలరు. గుంత అడుగు మట్టి నుంచి తీస్తే ఎప్పుడు నిలబెట్టారో కూడా తెలియవచ్చు. పట్టపగలు క్రేన్ కొక్కెం తగిలించి రాయిని లేపితే, మూడువేల ఏళ్ల గడియారం ఒక్క పూటలో సున్నాకు వస్తుంది. ఎన్ని కోట్లు పెట్టినా ఆ మట్టికి ఆ చీకటి తిరిగి రాదు.

అందుకే మేం చెప్పే వరస ఇది. మొదట ప్రతి రాయికీ నంబరు. రాయి మీద పెయింటుతోనో సుద్దతోనో రాయకూడదు, రాయికి ఒక అడుగు ఎడంగా చిన్న మేకు కొట్టి దానికి బిళ్ల కట్టాలి. తర్వాత రాళ్ల మేరకు బయట రెండు స్థిరమైన గుర్తులు పెట్టుకుని వాటి మధ్య ఆధారరేఖ లాగాలి. టేపుతో చేస్తే 3-4-5 లెక్కన (భుజాలు 3, 4, 5 ఉండే త్రిభుజంతో) లంబకోణం తీసి, ప్రతి రాయినీ ఆ రేఖ నుంచి కొలవాలి. ఆ రెండు గుర్తుల నుంచి నేరుగా ఉన్న దూరం కూడా కొలిచి సరిచూసుకోవాలి. సెల్‌ఫోన్ జీపీఎస్ దీనికి పనికిరాదు. దాని తప్పు మూడు నుంచి అయిదు మీటర్లు ఉంటుంది, ముడుమాల్ పెద్దరాళ్ల మధ్య ఎడమే ఇరవై, ఇరవై అయిదు అడుగులు. చిన్నరాళ్ల దగ్గర ఆ తప్పు ఒక వరసను తీసుకెళ్లి ఇంకో వరసలో కలిపేస్తుంది. దూరం, కోణం కలిపి కొలిచే టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరం దొరికితే మేలు. డ్రోన్ ఫొటోలు తీస్తే ఒక్కో ఫొటో పక్క ఫొటోతో డెబ్బై, ఎనభై శాతం కలిసేట్టు తీయాలి. నేల మీద కొలిచిన గుర్తులు ఫొటోల్లో కనబడాలి. ఏటవాలు ఎండలో, గడ్డి ఎండిపోయిన కాలంలో తీయాలి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు తీసిన ఫొటోలో చిన్నరాయి నీడ ఉండదు, రాయీ కనబడదు.

ప్రతి రాయికీ ఒక కాగితం ఉండాలి. నేలకు పైన ఎత్తు, పడి ఉంటే మొత్తం పొడవు, మొదలు దగ్గర వెడల్పు, మందం, ఎటువైపు ఎన్ని డిగ్రీలు ఒరిగింది, చుట్టూ ఆసరారాళ్లు (రాయి కదలకుండా గుంతలో కూరినవి) ఉన్నాయా, రాయి మీద చిన్న గుంతలు చెక్కి ఉన్నాయా అన్నీ రాయాలి. మీటరు కర్ర పక్కన పెట్టి నాలుగు వైపుల నుంచీ ఫొటో తీయాలి. పడిన రాయిలో ఏ కొస నేలలో ఉండేదో చాలాసార్లు కంటికే తెలుస్తుంది. గాలికి, వానకు నిలిచిన భాగం మీద బూజులాంటి లైకెన్ మచ్చలు పట్టి, రాతి ముఖం గరుకుగా నల్లబడి ఉంటుంది. నేలలో ఉన్న భాగం లేతరంగులో నున్నగా ఉంటుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న గీత నుంచి కొస దాకా కొలిస్తే ఎంత లోతు పాతారో తెలుస్తుంది. రాయిని బ్రష్షుతో, యాసిడ్‌తో "శుభ్రం" చేస్తే ముందు పోయేది ఈ గీతే. అందుకే కడగొద్దని గట్టిగా చెబుతున్నాం.

నిలబడిన రాయల్లా ఆదిమకాలం నాటిది కాదని కూడా గుర్తుంచుకోవాలి. డార్ట్‌మూర్‌లో అంచున సగం గుండ్రటి రంధ్రాల వరస కనబడితే ఆ రాయి సుమారు 1800 తర్వాత చీల్చినది. పొడవాటి మేకుగుంతల వరస ఉంటే అంతకుముందరి కొట్టుడు, అదీ ఆదిమకాలం నాటిది కాదు. మన వడ్డెర పనివాళ్లు సమ్మెటతో చీలలు దిగేసి బండ చీల్చినప్పుడూ అంచున అలాంటి గుంతల వరసే మిగులుతుంది. ఆ గుర్తులున్న రాయి గెట్టు రాయో, బర్రెల్ని కట్టే రాయో అయి ఉంటుంది. గ్రామ నక్షా, టిప్పన్ (పాత సర్వే కొలతల కాగితం), పాత పహాణీ తెచ్చి సర్వే హద్దురాళ్ల జాగాలతో సరిచూస్తే మిగతా అనుమానం తీరుతుంది. ఈ పనిలో ఊరి పెద్దమనుషులు సర్వేయరు కన్నా ఎక్కువ చెప్పగలరు. ఫలానా రాయి ఎవరి తాత పాతిందో వాళ్లకే తెలుసు.

కొలతలయ్యాక, అనుమతి తీసుకుని, నిపుణుల చేత కొన్ని గుంతలు మాత్రమే తవ్వించాలి. గుంతను ఒకేసారి ఖాళీ చేయకూడదు. సగం తవ్వి, నిలువు కోత గీసి, ఆ తర్వాతే మిగతా సగం. గుంత అంచున కూరిన రాళ్లు ఎటువైపు నలిగాయో చూస్తే రాయిని ఎటు నుంచి జార్చి నిలబెట్టారో తెలుస్తుంది. చిటికెడు బొగ్గు దొరికినా తేదీకి చాలు. కార్న్‌వాల్‌లో బాడ్‌మిన్ మూర్ మీద హర్లర్స్ అనే మూడు వలయాలను 1930లలో తవ్వారు. పడినవాటిని గుంతలు చూసి లేపారు. రాయి దొరకని గుంతల దగ్గర మాత్రం కొత్త పెద్దరాయి తెచ్చి పెట్టలేదు, ఇది గుర్తు మాత్రమే అని తెలిసేట్టు చిన్న రాళ్లు పాతారు. ఏది పాతది, ఏది మన చేతిపని అన్నది ఇవాళ వెళ్లి చూసే పిల్లవాడికి కూడా తెలుస్తుంది. ముడుమాల్‌లో ఖాళీ జాగాలకు ఈ పద్ధతే తగినది.

ఇంత చేశాక కూడా ఏదైనా రాయిని లేపక తప్పదంటే బరువు ముందే లెక్కగట్టాలి. గ్రానైట్ ఘనపు మీటరుకు సుమారు 2.65 టన్నులు. నాలుగు మీటర్ల పొడవు, ఎనభై సెంటీమీటర్ల వెడల్పు, అరవై సెంటీమీటర్ల మందం ఉన్న రాయి అయిదు టన్నులు దాటుతుంది. ఉక్కు తాడు వేస్తే అంచులు పెచ్చులూడతాయి, వెడల్పాటి నారపట్టీలే వాడాలి. బరువైన క్రేన్ నేరుగా రాళ్ల మధ్యకు వస్తే దాని చక్రాల కింద పది చిన్నరాళ్లు దిగబడతాయి. ముక్కాలి మీద చెయిన్ పుల్లీ నిదానమే, కానీ అదే క్షేమం. కాంక్రీటు మాత్రం వద్దు. కాంక్రీటు అంచున నీరు నిలిచి రాయి మొదలు దెబ్బతింటుంది. ఒరిగే బలమంతా ఆ ఒక్క గీత మీదే పడి అక్కడే విరుగుతుంది. గుంతలోని పాత మట్టి సరేసరి. రాళ్లు కూరి, మొరం పొరలుగా వేసి దిమ్మిస్తే చాలు. అడుగున ఆ ఏడాది అంకె కొట్టిన బిళ్ల ఒకటి వేయాలి. ఇంగ్లండ్‌లో పురాతన కట్టడాల చట్టం 1882లో వచ్చాక మొదటి ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన పిట్-రివర్స్ తాను తవ్విన గుంతల అడుగున ఇలాంటి బిళ్లలే వేసేవాడు. వందేళ్ల తర్వాత తవ్వేవాళ్లకు ఇది మన పని అని తెలియాలి కదా.

ఒరిగిన ప్రతి రాయీ పడబోతోందని కంగారు పడొద్దు. రేగడి నేల ఎండాకాలం నెర్రెలిచ్చి వానాకాలం ఉబ్బుతుంది, దాంతో రాయి అటూ ఇటూ కదులుతుంది. వానలయ్యాక ఒకసారి, మే నెలాఖరులో ఒకసారి అదే బిందువు నుంచి తూకుగుండు వేసి కొలవాలి. వరసగా కొన్నేళ్లు ఒకే దిక్కుకు ఒరుగుతుంటేనే ఆసరా ఆలోచించాలి.

మూర్ నేలల మీద రాళ్లను పడగొట్టింది మనుషులే కాదు, పశువులు కూడా. ఆవు, గొర్రె ఒళ్లు రుద్దుకోవడానికి నిలువురాయిని వెతుక్కుంటాయి. వాటి కాళ్ల కింద గడ్డి పోతుంది, రాయి చుట్టూ గొయ్యి పడుతుంది, గొయ్యిలో నీళ్లు నిలుస్తాయి, ఆసరారాళ్లు బయటపడతాయి, రాయి ఒరుగుతుంది. చుట్టూ ముళ్లకంచె వేస్తే తీరిపోతుందనుకోవద్దు. కంచె వెంట పశువులు నడిచి కొత్త కాలిబాట చేస్తాయి, కంచె గుంజల గుంతలు చిన్నరాళ్ల వరసలను కోస్తాయి. డార్బీషైర్‌లో స్టాంటన్ మూర్ మీద నైన్ లేడీస్ అనే చిన్న వలయం చుట్టూ పాతకాలంలో గోడ కట్టారు, చివరికి 1985లో దాన్ని తీసేశారు. మేలైన దారి ఏమిటంటే నీళ్ల తొట్టి, దాణా, పశువుల నీడ రాళ్లకు దూరంగా పెట్టడం. పడిన గొయ్యిని పక్కనే తవ్విన మట్టితో పూడ్చకూడదు. ముందు గుడ్డపొర పరిచి, రంగులో తేడా తెలిసే మొరం వేసి, పైన గడ్డి నాటాలి. ముడుమాల్ చుట్టుపక్కల కాపరులతో మాట్లాడకుండా ఈ పని సాగదు. వాళ్లను తరిమేయడం అన్యాయం, అనవసరం కూడా. మేత లేకపోతే కంపచెట్లు పెరిగి రాళ్లు కనబడకుండా పోతాయి.

మొక్కల సంగతి కూడా చెప్పాలి. డార్ట్‌మూర్‌లోని ఫెర్న్‌వర్దీ రాతివలయం ఇవాళ శంఖాకార చెట్ల అడవి మధ్యలో ఉంది. ఆ మొక్కలు నాటినప్పుడు దాని రాళ్ల వరసలు దెబ్బతిన్నాయి. మొక్కలు నాటే గుంతలు, సోలార్ దీపాల గుంతలు, బెంచీల పునాదులు రాళ్ల మధ్య ఎక్కడా తవ్వకూడదు. రాయి మొదలు దగ్గర మంట పెట్టకూడదు, వేడికి గ్రానైట్‌లోని పలుగురాయి (క్వార్ట్జ్) ఉబ్బి పెచ్చు లేస్తుంది. ఒక నిలువురాయిని ఊళ్లో ఎల్లమ్మగా కొలుస్తారు. ఆ భక్తి వల్లే ఆ రాయి ఇన్నాళ్లు నిలిచింది, దానికి ఎవరూ అడ్డు చెప్పకూడదు. పసుపు, కుంకుమతో పెద్ద హాని లేదు. ఎనామిల్ పెయింటు, టైల్స్ గద్దె, సిమెంటు మెట్లు మాత్రం వద్దని పూజారులతో, ఊరి పెద్దలతో కూర్చుని ఒప్పించాలి.

ముడుమాల్ అనగానే అందరూ ఆకాశం గురించి అడుగుతారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి చెందిన ప్రొఫెసర్ కె.పి. రావు అక్కడ ఒక బండ మీది గుంతల్లో సప్తర్షి మండలాన్ని గుర్తించారు. ఇది మన ప్రాంతానికి గొప్ప సంగతి. ఈ దారిలో ఇంకా చేయవలసిన పని చాలా ఉంది. అందుకే కొలత కచ్చితంగా ఉండాలంటున్నాం. ఎనభై రాళ్లలో ఏ రెండింటిని కలిపినా ఒక గీత వస్తుంది, అలా 3,160 గీతలు. ఒక్కో గీతకు రెండు దిక్కులు. అంటే దిక్చక్రంలో డిగ్రీకి సగటున పదిహేడుకు పైగా గీతలు పడతాయి. ఇక ఏ రోజు సూర్యోదయానికైనా ఏదో ఒక జంట కలుస్తుంది! కాబట్టి ఏ రాళ్లను ఎందుకు ఎంచుకున్నామో ముందే రాసుకుని, ఆ తర్వాత కొలవాలి. జూన్ 21 నాటి సూర్యోదయం మన దగ్గర ఉత్తరం నుంచి సుమారు 65 డిగ్రీల దగ్గర, డార్ట్‌మూర్‌లో సుమారు 50 డిగ్రీల దగ్గర జరుగుతుంది. అక్కడ ఏడాదిలో సూర్యుడు ఉదయించే జాగా ఎనభై డిగ్రీల మేర జరుగుతుంది, మన దగ్గర యాభై డిగ్రీలే. అందుకే ఇక్కడ కొలతలో చిన్న తప్పు కూడా పెద్దది. పైగా నాలుగువేల ఏళ్ల కింద మన దగ్గర ఆ సూర్యోదయం ఇప్పటికన్నా అర డిగ్రీ ఉత్తరానికి ఉండేది, అది సూర్యబింబం వెడల్పంత. ఇన్ని జాగ్రత్తలు తీసుకుని కొలిచాక, ఆ రాయిని నిరుడు కాంట్రాక్టరు నిలబెట్టాడని తేలితే ఆ కొలతకు విలువేముంటుంది?

ముడుమాల్ ఒక్కటే కాదు. నల్లగొండ వైపు రాయగిరిలో, కృష్ణా పొడవునా చెల్కల్లో, గుట్టల పక్కన రాకాసి గుళ్లని పిలిచే రాతివలయాలు ఎన్నో ఉన్నాయి. గుప్తనిధుల ఆశతో రాత్రిపూట వాటిని తవ్విపోస్తున్నారు. వాటిలో ఉండేవి నలుపు-ఎరుపు కుండలు, ఇనుప కత్తులు, బాణపు మొనలు, పూసలు, ఎముకలు. డార్ట్‌మూర్‌లోనూ ఒక రాతిపెట్టెకు "బంగారు కుండ" అనే పేరుంది. అక్కడి రాతిపెట్టెలు చాలావరకు ఇలాంటి ఆశతోనే ఖాళీ అయ్యాయి. రాసిపెట్టడం ఎంత గొప్ప పనో మన నాగార్జునకొండే చెబుతుంది. సాగర్ నీళ్లు రాకముందు, 1954–60 మధ్య, అక్కడి సమాధులనూ కట్టడాలనూ తవ్వి, కొలిచి, గీసి పెట్టారు. ఇవాళ నీళ్ల కింద ఉన్న ఆ లోయ గురించి మనకు తెలిసినదంతా ఆ కొలతల వల్లే తెలిసింది. కొన్ని కట్టడాలను కొండ మీద తిరిగి నిలపగలిగారంటే ఆ గీతల పుణ్యమే. అంతకు వందేళ్ల ముందే, నిజాం రాజ్యంలో సురపురంలో పనిచేసిన ఇంగ్లిష్ అధికారి మెడోస్ టేలర్ మనకు పక్కనే ఉన్న విభూతిహళ్లి రాళ్ల వరసలను, చుట్టుపక్కల సమాధులను చూసి వివరంగా రాసి, తన దేశపు రాళ్లతో పోల్చాడు.

తాత్కాలిక జాబితాలో కనీసం ఏడాది ఉన్నాకే ఏ స్థలాన్నయినా పూర్తి జాబితాకు ప్రతిపాదించవచ్చు. అప్పుడు యునెస్కో తరఫున వచ్చే నిపుణులు ముందు అడిగేది స్థలం ఎంతవరకు చెక్కుచెదరకుండా ఉంది, ఎంతవరకు అసలుది అన్నదే. ఊహించి నిలబెట్టిన రాళ్లు అక్కడ మనకు బలం కావు, అనుమానాలు తెచ్చిపెడతాయి. కాబట్టి వారసత్వ శాఖకూ, జిల్లా యంత్రాంగానికీ మేం కోరేది ఇంతే: ముందు ప్రతి రాయికీ నంబరు, పటం, కాగితం. ఆ పటం ఒక ప్రతి గ్రామ పంచాయతీలో ఉండాలి. చిన్నరాళ్లున్న సర్వే నంబర్ల రైతులతో మాట్లాడి, ఎంతమేర దున్నవచ్చో నేల మీద గుర్తులు పెట్టాలి. గడ్డి ఎండి, నేల గట్టిపడి, ఎండలు ఇంకా ముదరని జనవరి నుంచి మార్చి మొదటి వారాల దాకా ఈ పనికి అనువైన కాలం. రాళ్లు లేపే టెండరు ఏదైనా ఉంటే ఆ పటం పూర్తయ్యాకే పిలవాలి.

ఇట్లు,
పురాతన రాతి కట్టడాల కొలతల పనిలో ఉన్న పాఠకులు,
మహబూబ్‌నగర్